డ్రైవర్ పారామీటర్లకు కొత్త సింటాక్స్ రాసుకోవాలా, ఉన్నదానితోనే సర్దుకోవాలా?

కార్డుల_కాపరి:

మా బృందం లినక్స్‌లో పనిచేసే ఒక డేటా సేకరణ కార్డుకు డ్రైవర్ (కార్డును ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపే ప్రోగ్రామ్) రాస్తోంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అమర్చే ఈ కార్డు సెన్సర్ల నుంచి వచ్చే అనలాగ్ సంకేతాలను అంకెలుగా మార్చి నేరుగా మెమరీలోకి పంపుతుంది. ఒక్కో యంత్రంలో నాలుగైదు కార్డులు ఉండడం మామూలే. ప్రతి కార్డుకూ శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్ని కొలతలు), డీఎంఏ బఫర్ (కార్డు నేరుగా రాసే మెమరీ భాగం) పరిమాణం, ఇంటరప్ట్‌ల (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాల) మధ్య వ్యవధి, ఒక్కో ఛానల్‌కు గెయిన్ (సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో) వేరువేరుగా ఇవ్వవలసి ఉంటుంది. ఇంతవరకు వీటన్నిటినీ మాడ్యూల్ పారామీటర్లుగా (డ్రైవర్ మాడ్యూల్ లోడ్ అయ్యేటప్పుడు ఇచ్చే విలువలుగా), కామాలతో విడదీసిన వరుసలుగా మోడ్‌ప్రోబ్ ఫైల్లో రాస్తూ వచ్చాము. మొదట్లో ముచ్చటగానే ఉన్న ఆ ఒక్క వరుస ఇప్పుడు తెర అంచు దాటిపోయింది; మూడో కామా తరువాత ఉన్న 4 ఏ కార్డుదో, ఏ ఛానల్‌దో వేలు పెట్టి లెక్కిస్తే తప్ప తెలియడం లేదు.

దీన్ని మార్చాలన్న విషయంలో అందరూ ఒకే మాట మీద ఉన్నారు, ఎలా మార్చాలన్న దగ్గరే పేచీ. పేరు=విలువ పద్ధతినే క్రమబద్ధం చేద్దామని కొందరు, యామల్ (YAML) లేదా టామల్ (TOML) వంటి సిద్ధంగా ఉన్న కాన్ఫిగరేషన్ ఫార్మాట్ తీసుకుందామని కొందరు, మా కార్డు నిర్మాణానికి సరిపోయే చిన్న సింటాక్స్‌ను మేమే రూపొందించుకుందామని ఇంకొందరు అంటున్నారు. డ్రైవర్లతో పనిచేసినవారి వాదనలు వినాలని ఉంది. ఒక్క విషయం దృష్టిలో ఉంచుకోండి: ఈ ఫైలును సవరించేది ప్రోగ్రామర్లు మాత్రమే కాదు, కార్డు మార్చడానికి వెళ్లే సర్వీసు సాంకేతికులు కూడా సీరియల్ కన్సోల్ మీద వీఐ ఎడిటర్‌తో సవరిస్తారు.

సమానచిహ్నం:

ఉన్నదాన్ని వదులుకునే ముందు దాని గొప్పతనం ఏమిటో చూడండి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నల్ (లినక్స్ మూల భాగం) నుంచి మాడ్యూల్ పారామీటర్‌కు పేరు, రకం, అనుమతి అనే మూడు విషయాలు ఒకే చోట ప్రకటిస్తున్నాము. దానితో మోడ్‌ఇన్ఫో ఆదేశంలో వివరణ వస్తుంది, సిస్ డైరెక్టరీలో (కెర్నల్ విలువలు ఫైళ్లుగా కనిపించే చోట) ఫైలు వస్తుంది, డ్రైవర్‌ను కెర్నల్‌లోనే కలిపి కట్టినా 'మాడ్యూల్‌పేరు.పారామీటర్=విలువ' అని బూట్ వరుసలో (యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు అందే వరుసలో) ఇవ్వగలుగుతాము. ఒకే రాత మూడు చోట్ల చెల్లుతుంది. పేరులో హైఫన్ రాసినా, అండర్‌స్కోర్ రాసినా కెర్నల్ రెంటినీ ఒకటిగానే తీసుకుంటుంది. ఆ ఒక్క సౌకర్యం వల్ల తప్పిన ఫోన్ కాల్స్ ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

గ్రెప్‌తో వెతకవచ్చు, సెడ్‌తో మార్చవచ్చు, ఫోన్లో అవతలివారికి చదివి వినిపించవచ్చు. డాస్ కాలంలో సౌండ్ బ్లాస్టర్ కార్డుకు 'ఏ220 ఐ5 డీ1 టీ4' అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టేవాళ్లము: పోర్టు చిరునామా 220, ఇంటరప్ట్ 5, డీఎంఏ ఛానల్ 1, కార్డు రకం 4. ఆ నాలుగు ముక్కలను ఆటలు ఆడే పిల్లలు కూడా నోటికి నేర్చుకున్నారు. వంకర బ్రాకెట్లు లేవన్న కారణంతో ఎవరూ ఇబ్బంది పడలేదు. మీ వరుస పొడుగైపోవడం సింటాక్స్ లోపం అనుకోను, అవసరానికి మించి పారామీటర్లు పెట్టడమే అసలు కారణమని నా అనుమానం.

చెట్టుకొమ్మ:

సమానచిహ్నం గారూ, మీరు చెప్పిన సరళత సమాన చిహ్నానికి ఎడమవైపు మాత్రమే ఉంది. కుడివైపు ఏం జరుగుతోందో చూద్దాం. యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌కు క్వర్క్స్ అనే పారామీటర్ ఉంది. దానిలో తయారీదారు సంఖ్య, కోలన్, ఉత్పత్తి సంఖ్య, మళ్లీ కోలన్, ఆపైన ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం ఉన్న గుర్తులు, ఇలాంటి జాబితాలను కామాలతో కలిపి మొత్తం 128 బైట్లలో ఇరికించాలి. అది స్ట్రింగ్ రూపంలో దాక్కున్న ఒక చిన్న భాష, దానికి ఆ డ్రైవర్‌లోనే ఒక సొంత పార్సర్ (రాతను చదివి విడగొట్టే కోడ్) ఉంది. ఇంటెల్ వైఫై డ్రైవర్‌లో 11ఎన్_డిసేబుల్ అనే పారామీటర్‌కు 1 ఇస్తే 11ఎన్ అనే వైఫై ప్రమాణం పూర్తిగా ఆగిపోతుంది, 2, 4 ఇస్తే కొన్ని భాగాలు ఆగుతాయి, 8 ఇస్తే పంపే వైపు అగ్రిగేషన్ (ప్యాకెట్లను కలిపి పంపడం) మొదలవుతుంది. పేరులో 'డిసేబుల్' అని ఉన్న పారామీటర్‌తో ఒక సౌకర్యాన్ని ఆన్ చేస్తున్నాము! ఈ1000 నెట్‌వర్క్ డ్రైవర్‌లోని ఇంటరప్ట్‌థ్రాటిల్‌రేట్ ఇంకా విచిత్రమైనది. 3000 ఇస్తే సెకనుకు 3000 ఇంటరప్ట్‌లకు మించవద్దని అర్థం, 3 ఇస్తే అది సంఖ్యే కాదు, పరిస్థితిని బట్టి తనంతట తాను సర్దుకునే ఒక పద్ధతి పేరు.

కాబట్టి సింటాక్స్ వద్దు అనుకున్నవాళ్లు నిజానికి ప్రతి డ్రైవర్‌లో ఒక సింటాక్స్ రాశారు. దాన్ని సింటాక్స్ అని ఒప్పుకోలేదు కనుక దానికి వ్యాకరణం లేదు, దోష సందేశాలు లేవు, పరీక్షలు లేవు.

చివరికి కెర్నల్ కూడా ఈ మాట ఒప్పుకోవలసి వచ్చింది. ఎక్స్86 మీద బూట్ వరుస పరిమితి 2048 అక్షరాలు. అది చాలక 2020లో వచ్చిన 5.6 కెర్నల్‌లో బూట్‌కాన్ఫిగ్ అనే చెట్టు ఆకారపు సింటాక్స్ ప్రవేశపెట్టారు. చుక్కలతో కలిపిన కీలు, బ్రాకెట్లలో ఉపవిభాగాలు, కామాలతో వరుసలు, హాష్ గుర్తుతో వ్యాఖ్యలు, 32 కేబీ వరకు ఫైలు, దాన్ని ఇనిట్‌ఆర్‌డీ (బూట్ సమయపు తాత్కాలిక ఫైళ్ల మూట) చివర అతికించడం. కెర్నల్ లోపల చెట్టును చదివే పార్సర్ ఉండడం ఆమోదయోగ్యమైనప్పుడు మీ బృందానికి అభ్యంతరం దేనికి?

సమానచిహ్నం:

బూట్‌కాన్ఫిగ్ గురించి సగమే చెప్పారు. దానిలో 'కెర్నల్' అనే కొమ్మ కింద రాసినదంతా చివరికి మళ్లీ ఒక పొడుగాటి వరుసగా మారి బూట్ వరుసకే చేరుతుంది. డ్రైవర్‌కు అందేది పాత పేరు=విలువే. అంటే చెట్టు మనిషి కళ్ల కోసం మాత్రమే. అది నా వాదనకే బలం: డ్రైవర్ దగ్గర సాదాగా ఉంచండి, మనిషికి కావలసిన అలంకారం పైన ఎక్కడో చేసుకోండి.

క్వర్క్స్ లాంటివి వికారంగా ఉన్నాయని ఒప్పుకుంటాను. దానికి మందు ఆ పారామీటర్‌ను విడగొట్టడం. ఫ్రీబీఎస్‌డీలో డివైస్ హింట్స్ ఫైలు చూడండి: 'హింట్.యూఆర్ట్.0.ఐఆర్‌క్యూ="4"' అని డ్రైవర్ పేరు, యూనిట్ సంఖ్య, లక్షణం చుక్కలతో వస్తాయి. ప్రతి విలువకూ తన వరుస, తన పూర్తి పేరు. ఏ వరుసను ఎక్కడికి జరిపినా అర్థం మారదు. బ్రాకెట్ మూయడం మరచిపోయే ప్రమాదమే లేదు.

రాత్రిపాళీ:

నేను ఇలాంటి యంత్రాలకు సర్వీసు చేసే వైపు ఉన్నవాడిని. ఇక్కడ ఆకారం గురించి ఇంత వాదన జరుగుతోంది కానీ, మమ్మల్ని నిద్రపోనివ్వని సమస్య ఇంకా ఎవరి నోటా రాలేదు. ఆ వరుసలో రెండో విలువ 'రెండో కార్డు'కు చెందుతుంది సరే, రెండో కార్డు అంటే ఏది? కెర్నల్ ఏ క్రమంలో కనుగొంటే ఆ క్రమం. ఈ1000లో రెండు పోర్టులకు '3000,0' అని ఇచ్చినా, సౌండ్ కార్డులకు ఇండెక్స్ వరుస ఇచ్చినా ఇదే తంతు. ఒక కర్మాగారంలో ఖాళీ స్లాట్‌లో కొత్త కార్డు పెట్టి యంత్రాన్ని మళ్లీ మొదలుపెడితే బస్ సంఖ్యలు మారి, ప్రెషర్ సెన్సర్ల గెయిన్ పోయి ఉష్ణోగ్రత సెన్సర్లకు తగులుకుంది. ఎక్కడా దోష సందేశం లేదు. అన్ని విలువలూ చెల్లుబాటు అయ్యేవే, ఒక స్థానం పక్కకు జరిగాయి, అంతే.

ఫ్రీబీఎస్‌డీ యూనిట్ సంఖ్య కూడా అంతే అనకండి, అక్కడ 'ఎట్' అనే కీతో యూనిట్‌ను ఒక చోటుకు కట్టేయవచ్చని నాకు తెలుసు. నేను అడుగుతున్నది కూడా ఆ కట్టే సౌకర్యమే. అది ఉంటే మీరు సమాన చిహ్నం పెట్టుకున్నా, బ్రాకెట్ పెట్టుకున్నా నాకు పట్టింపు లేదు.

పాతకెర్నల్:

రాత్రిపాళీ గారు చెప్పిన దోషం మాడ్యూల్ పారామీటర్ పుట్టుకలోనే ఉంది. ఆ విలువ మాడ్యూల్‌కు చెందుతుంది, పరికరానికి చెందదు. ఒక యంత్రంలో ఒకే కార్డు ఉన్న రోజుల్లో ఆ తేడా కనిపించలేదు. అందుకే కెర్నల్ ప్రధాన శాఖలోకి డ్రైవర్‌ను పంపేటప్పుడు కొత్త మాడ్యూల్ పారామీటర్ కనిపిస్తే సమీక్షకులు చాలాసార్లు తిప్పి పంపుతారు. నెట్‌వర్క్ డ్రైవర్ల విషయంలోనైతే ఇది దాదాపు కట్టుబాటు: ఈథ్‌టూల్, డెవ్‌లింక్ అనే సెట్టింగుల సాధనాలు వాడండి, మాడ్యూల్ పారామీటర్ పెట్టకండి అంటారు.

నా సలహా సూటిగా చెబుతాను. కెర్నల్ లోపల ఏ సింటాక్సూ పెట్టవద్దు. ప్రతి కార్డుకూ సిస్ డైరెక్టరీలో దాని సొంత లక్షణాలు పెట్టండి, ఒక ఫైలుకు ఒక విలువ. ఛానళ్ల సమూహాల వంటివి వినియోగదారుడే సృష్టించవలసి వస్తే కాన్ఫిగ్‌ఎఫ్‌ఎస్ ఉంది. డైరెక్టరీ సృష్టిస్తే వస్తువు పుడుతుంది, దానిలోని ఫైళ్లలో విలువలు రాస్తాము. ఆ పైన యూజర్‌స్పేస్‌లో (కెర్నల్ బయట) ఒక చిన్న ప్రోగ్రామ్ మీకు నచ్చిన ఫైలు చదివి ఈ విలువలు రాస్తుంది. రేపు ఆ ఫైలు ఆకారం నచ్చకపోతే మార్చుకోవచ్చు. కెర్నల్ ఇంటర్‌ఫేస్‌ను అలా మార్చలేము, ఒకసారి బయటపెట్టినదాన్ని వాడేవారు ఎక్కడో ఒకరు ఉండనే ఉంటారు.

డివైస్ ట్రీలో పెడదామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే ముందే వదిలేయండి. అది హార్డ్‌వేర్ ఎలా ఉందో వర్ణించడానికి. శాంప్లింగ్ రేటు ఎంత ఉండాలన్నది వాడేవారి నిర్ణయం, బోర్డు లక్షణం కాదు. పైగా మీది పీసీఐ కార్డు, తానెవరో తానే చెప్పుకోగలదు.

ఇంకొకటి. 2018లో వచ్చిన 4.19 కెర్నల్‌లో డెవ్‌లింక్‌కు పారామీటర్లు చేర్చినప్పుడు ప్రతిదానికీ అమలులోకి వచ్చే వేళను కూడా చేర్చారు: నడుస్తుండగానే మారేది, డ్రైవర్ మళ్లీ మొదలైతే మారేది, కార్డు శాశ్వత స్మృతిలో నిలిచేది. మీ శాంప్లింగ్ రేటు మొదటి రకం, డీఎంఏ బఫర్ పరిమాణం రెండో రకం. ఫైల్లో ఈ రెండూ పక్కపక్కన ఒకేలా కనిపిస్తే, బఫర్ మార్చాను కానీ ఏమీ మారలేదేమని అడిగేవారు రోజూ తగులుతారు.

కార్డుల_కాపరి:

పాతకెర్నల్ గారి మాటతో ఒక చిక్కు విడిపోయింది. మా కార్డు లేకపోయినా యంత్రం బూట్ అవుతుంది కనుక యూజర్‌స్పేస్ మొదలయ్యే వరకు ఆగవచ్చు. రూట్ డిస్కును నడిపే డ్రైవర్ అయితే ఈ వెసులుబాటు ఉండేది కాదు. కాబట్టి కెర్నల్‌లో పార్సర్ ప్రసక్తి లేదు, ఫైలు యూజర్‌స్పేస్‌లోనే ఉంటుంది. అప్పుడు యామల్ తీసుకుంటే సరిపోతుందని మా బృందంలో సగం మంది అంటున్నారు. అందరికీ తెలిసినది, సిద్ధంగా లైబ్రరీలున్నాయి.

సెమికోలన్:

యామల్ పేరు వినగానే రావలసి వచ్చింది. నార్వే దేశపు సంకేతం ఎన్‌ఓను 'నో' అని చదివి 'అబద్ధం'గా మార్చే కథ అందరూ విన్నదే, దాన్ని వదిలేద్దాం. మీ పనికి నేరుగా తగిలే ఉదాహరణ చెబుతాను.

యామల్ 1.1 నిర్దేశంలో అరవై ఆధారంగా సంఖ్యలు రాసే సౌకర్యం ఉంది. గంటలు, నిమిషాలు, సెకన్ల కోసం కోలన్లతో రాసిన అంకెలను అది ఒకే సంఖ్యగా మార్చేస్తుంది. 2009లో వచ్చిన 1.2లో దాన్ని తీసేశారు. కానీ పైథాన్‌లో ఎక్కువమంది వాడే పైయామల్ లైబ్రరీ ఇప్పటికీ 1.1నే అనుసరిస్తుంది. ఇప్పుడు మీ కార్డు పీసీఐ చిరునామాను కోట్స్ లేకుండా 0000:03:00.0 అని రాయండి. మధ్యలోని మూడును అరవైతో గుణించి, మిగతా సున్నాలను కలిపి అది మీకు 180.0 అనే దశాంశ సంఖ్యను చేతిలో పెడుతుంది. అవును, నూట ఎనభై. 0000:00:02.0 అని రాస్తే 2.0 అవుతుంది. అదే 0000:00:1ఎఫ్.3 అయితే మధ్యలో అక్షరం ఉంది కనుక స్ట్రింగ్‌గానే మిగులుతుంది. అంటే ఒకే జాబితాలో కొన్ని చిరునామాలు సంఖ్యలు, కొన్ని స్ట్రింగులు. మీ దగ్గర పరీక్షించిన యంత్రంలో చిరునామాలో అక్షరం ఉండి, కస్టమర్ దగ్గర లేకపోతే ఆ బగ్ మీకు ఎన్నటికీ కనిపించదు.

కోట్స్ పెట్టమంటే సరిపోతుందనకండి. రాత్రి పూట సీరియల్ కన్సోల్ మీద వీఐలో సవరించే మనిషి పెట్టడు. ఖాళీలతో అర్థం మారే ఫార్మాట్‌ను ఆ కన్సోల్ మీద అతికించి చూశారా ఎప్పుడైనా? ఎడిటర్ తనంతట తాను అదనపు ఖాళీలు చేర్చి మెట్లు మెట్లుగా చేస్తుంది.

జేసన్‌లో వ్యాఖ్యలు రాయడానికి లేదు. ఈ విలువ ఎందుకు పెట్టామో రాసుకోలేని కాన్ఫిగరేషన్ ఫైలు నాకు అక్కరలేదు. టామల్ మేలు. స్ట్రింగ్‌కు కోట్స్ తప్పనిసరి, ఒకే కీ రెండుసార్లు వస్తే దోషం, సంఖ్య ముందు అనవసరపు సున్నా వస్తే అదీ దోషం. ఈ చివరిది చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ, కెర్నల్ మాడ్యూల్ పారామీటర్‌కు 010 అని ఇస్తే ముందున్న సున్నా వల్ల ఎనిమిది ఆధారపు సంఖ్యగా చదివి అది ఎనిమిది అవుతుందని మీ సాంకేతికుల్లో ఎంతమందికి తెలుసు?

సమానచిహ్నం:

టామల్ అంటే నా పేరు=విలువకు తలపైన ఒక చదరపు బ్రాకెట్ శీర్షిక చేర్చినదే. అక్కడికి చేరడానికి ఇంత దూరం తిరగవలసి వచ్చింది. నాకు అభ్యంతరం లేదు.

చెట్టుకొమ్మ:

నాకు ఉంది, కానీ దానికి ముందు రాత్రిపాళీ గారి ప్రశ్నకు తిరిగి వెళ్దాం, ఎందుకంటే అక్కడ తేల్చుకోకపోతే టామల్ కూడా మిమ్మల్ని ఆదుకోదు. శీర్షికలో ఏం రాస్తారు? పీసీఐ చిరునామా రాస్తే కొత్త కార్డు పెట్టినప్పుడు మారిపోవచ్చు. సీరియల్ సంఖ్య రాస్తే చిరునామా మారినా ఫరవాలేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పరికరం తన 64 బిట్ల సీరియల్ సంఖ్యను చెప్పడానికి ఒక ఐచ్ఛిక సౌకర్యం ఉంది, మీ కార్డు మీరే తయారుచేస్తున్నారు కనుక పెట్టుకోవచ్చు. కానీ కార్డు కాలిపోయి కొత్తది పెట్టిన రోజున సీరియల్ సంఖ్య మారుతుంది, సెన్సర్ కేబుళ్లు మాత్రం అదే స్లాట్ వెనుక ఉన్నవే వచ్చి తగులుకుంటాయి. స్లాట్‌ను రాస్తే ఆ సమస్య తీరుతుంది కానీ, రెండు కార్డులను అటూ ఇటూ మార్చి పెడితే ఒకదాని కాలిబ్రేషన్ (కొలత సవరణ విలువలు) ఇంకొకదానికి పోతుంది.

నెట్‌వర్క్ కార్డుల వాళ్లు ఈ బాధ మనకంటే ముందే పడ్డారు. ఈథ్0, ఈథ్1 పేర్లు బూట్ అయినప్పుడల్లా తారుమారు అవుతుంటే, 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవలను నడిపే ప్రోగ్రామ్) 197లో స్లాట్, బస్ దారి, మ్యాక్ చిరునామాల ఆధారంగా స్థిరమైన పేర్లు పెట్టే పద్ధతి తెచ్చారు. అక్కడ ఒక పరికరానికి ఒక పేరు చాలు. మీకు చాలదు, ఎందుకంటే మీ పారామీటర్లలో రెండు జాతులు కలిసిపోయి ఉన్నాయి. ఛానల్ గెయిన్ సవరణ, ఆఫ్‌సెట్ వంటివి ఆ కార్డులోని విడిభాగాల స్వభావం నుంచి వస్తాయి, కాబట్టి కార్డుతో పాటు ప్రయాణం చేయాలి. శాంప్లింగ్ రేటు, ట్రిగ్గర్ (కొలత మొదలుపెట్టే సంకేతం), ఏ ఛానల్‌కు ఏ సెన్సర్ అన్నవి ఆ స్థానంలో జరిగే పని నుంచి వస్తాయి, కాబట్టి స్లాట్ దగ్గరే ఉండిపోవాలి. రాత్రిపాళీ గారు చెప్పిన సంఘటనలో తప్పిపోయిన విలువలకు ఈ రెంటిలో దేనితోనూ కట్టు లేదు.

కాబట్టి శీర్షిక రెండు రకాలుగా ఉండాలని నా వాదన. కార్డు విభాగంలో స్లాట్ జాతి పారామీటర్ రాస్తే అది దోషంగా పట్టుబడాలి, అటుది ఇటూ అంతే. ఈ తనిఖీ ఏ సాధారణ ఫార్మాటూ తనంతట తాను చేయదు. స్కీమా (ఏ కీ ఎక్కడ చెల్లుతుందో చెప్పే నియమాల పట్టిక) మీరు రాయాలి. డివైస్ ట్రీ వాళ్లు మొదట తమ నియమాలను మామూలు వచనంలో రాసుకుని, తరువాత యంత్రం తనిఖీ చేయగల స్కీమాలుగా మార్చుకుంటూ రావడానికి చాలా శ్రమపడ్డారు. మొదటి రోజునే రాసుకుంటే ఆ శ్రమ మీకు తప్పుతుంది.

రాత్రిపాళీ:

ఇది నేను సంతకం పెట్టగల మాట. ఒక హెచ్చరిక మాత్రం: స్లాట్ సంఖ్యను ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) చెప్పినట్టు నమ్మకండి. కొన్ని మదర్‌బోర్డులు రెండు పరికరాలకు ఒకే స్లాట్ సంఖ్య చెబుతాయి, కొన్ని అసలు చెప్పవు. యంత్రాన్ని అమర్చిన రోజున ఒకసారి బస్ దారిని, క్యాబినెట్ మీద అంటించిన పేరును జతచేసి రాసుకోండి.

కార్డుల_కాపరి:

రెండు రకాల శీర్షికలు మాకు నచ్చాయి. ఇప్పుడు ఇంకో పేచీ. ఫైల్లో తెలియని కీ కనిపిస్తే ఏం చేయాలి? హెచ్చరించి ముందుకు పోవాలా, ఆగిపోవాలా?

పాతకెర్నల్:

కెర్నల్ ఈ ప్రశ్నకు రెండు కాలాల్లో రెండు జవాబులు ఇచ్చింది. 2013లో వచ్చిన 3.11కు ముందు తెలియని పారామీటర్ ఇస్తే మాడ్యూల్ లోడ్ అయ్యేది కాదు. ఆ తరువాత నుంచి లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, దాన్ని వదిలేసి లోడ్ చేస్తోంది. కారణం సమంజసమైనదే: ప్రయోగాత్మకంగా పెట్టిన పారామీటర్లను తరువాత తీసేయడం తరచు జరిగేది, పాత కెర్నల్‌కు వెనక్కి వెళ్లినవారికి నిన్నటి వరకు నడిచిన మాడ్యూల్ నేడు మొరాయించేది. డిస్కు డ్రైవరో నెట్‌వర్క్ డ్రైవరో అలా మొరాయిస్తే యంత్రం దగ్గరికి మనిషి వెళ్లవలసిందే. అందుకే నేను హెచ్చరిక వైపు.

విచిత్రం ఏమిటంటే విలువ తప్పైతే మాత్రం ఇప్పటికీ లోడ్ కాదు. పూర్ణాంకం ఉండవలసిన చోట '64కే' అని రాస్తే మాడ్యూల్ నిరాకరిస్తుంది, అదే పారామీటర్ పేరులో అక్షరం పోతే నవ్వి ఊరుకుంటుంది.

రాత్రిపాళీ:

మీ డిస్కు డ్రైవర్‌కు అది సరైన జవాబు కావచ్చు. కొలిచే యంత్రానికి కాదు. గెయిన్ అనే కీలో అక్షరం తప్పు పడితే, హెచ్చరిక లాగ్‌లో ఎక్కడో ఉండి, డిఫాల్ట్ గెయిన్‌తో కార్డు హాయిగా నడుస్తూ వారాల తరబడి తప్పు కొలతలు ఇస్తుంది. నడవని యంత్రాన్ని వెంటనే కనిపెడతారు, తప్పుగా నడిచేదాన్ని ఎవరూ కనిపెట్టరు. ఆగిపోవాలి.

చెట్టుకొమ్మ:

దోషం ఉన్న విభాగానికి చెందిన కార్డును మాత్రం ఆపి, మిగతావాటిని నడిపితే? ఫైలు మొత్తం చదవలేని స్థితిలో ఉంటే తప్ప అన్నిటినీ శిక్షించనవసరం లేదు.

సమానచిహ్నం:

ఒకే ట్రిగ్గర్ పంచుకునే రెండు కార్డుల్లో ఒకటి ఆగి ఇంకొకటి నడిస్తే వచ్చే డేటాను ఎవరు వాడుకుంటారు? సగం నడిచే యంత్రం మీద నాకు నమ్మకం లేదు. ఆపితే మొత్తం ఆపండి, ఏ వరుసలో ఏ అక్షరం తప్పో ఒక్క వాక్యంలో చెప్పండి. పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్లే సందర్భం కోసం, ఫైలు మొదట్లో అది ఏ వెర్షన్ స్కీమాకు రాసినదో ఒక కీ పెట్టండి. అప్పుడు తెలియని కీ ఎదురైతే అది అక్షర దోషమో, రేపటి పారామీటరో ప్రోగ్రామ్‌కు తెలుస్తుంది.

సెమికోలన్:

వెర్షన్ కీ మంచిదే. దానితో పాటు ప్రమాణాల మాట కూడా తేల్చండి. ఇంటరప్ట్ వ్యవధి = 250 అంటే మైక్రోసెకన్లా, మిల్లీసెకన్లా? యూఎస్‌బీలో ఆటోసస్పెండ్ అనే మాడ్యూల్ పారామీటర్‌కు సెకన్లలో ఇస్తాము, అదే పరికరం పవర్ డైరెక్టరీలో ఉండే ఆలస్యం ఫైలుకు మిల్లీసెకన్లలో ఇస్తాము. రెండూ నియంత్రించేది ఒకే విషయాన్ని. రెండో ఫైలు పేరు చివర 'ఎంఎస్' అని ఉంది కనుక కొంత నయం. డివైస్ ట్రీ వాళ్లు కూడా కీ పేరు చివరనే హెర్ట్జ్, మైక్రోవోల్ట్ అని రాస్తారు. సిస్టమ్‌డీ వాళ్లు విలువలోనే '5నిమి 20సె' అన్నట్టు రాయనిస్తారు, ప్రమాణం రాయకపోతే సెకన్లు అనుకుంటారు. నా ఓటు కీ పేరుకే. విలువలో ప్రమాణం రాయనిస్తే దానికి మళ్లీ ఒక పార్సర్ కావాలి, చెట్టుకొమ్మ గారు తిట్టిన కుడివైపు చిన్న భాష దొడ్డిదారిన వచ్చేస్తుంది.

ఈ1000లో లాగా సంఖ్య ఉండే చోట పద్ధతి పేరును సంఖ్యగా దాచవద్దు. వ్యవధికి ఒక కీ, పద్ధతికి కోట్స్‌లో పేరుతో ఇంకొక కీ.

కార్డుల_కాపరి:

ఇప్పటివరకు వచ్చినదాన్ని బట్టి బృందం ముందు పెట్టబోయే ముసాయిదా ఇది. పేర్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

స్కీమా-వెర్షన్ = 1

[కార్డు."40217"]
ఛానల్-గెయిన్-సవరణ = [1.0042, 0.9987, 1.0010, 1.0003]

[స్లాట్."క్యాబినెట్-బి-2"]
బస్-దారి = "0000:00:01.0/00.0"
శాంప్లింగ్-హెర్ట్జ్ = 250000
ఇంటరప్ట్-పద్ధతి = "స్థిర"
ఇంటరప్ట్-వ్యవధి-మైక్రోసె = 500
ట్రిగ్గర్-సమూహం = "ప్రెషర్"

[స్లాట్."క్యాబినెట్-బి-2".పునఃప్రారంభం]
డీఎంఏ-బఫర్-బైట్లు = 4194304

దీనికి టామల్ పార్సర్ సరిపోతుంది, కొత్త సింటాక్స్ రాయడం లేదు. పాతకెర్నల్ గారు చెప్పిన వేళల తేడా కోసం, డ్రైవర్ మళ్లీ మొదలైతే గాని మారనివన్నీ 'పునఃప్రారంభం' అనే ఉపవిభాగంలోకి వెళ్లాయి. తెలియని కీ వస్తే, దోషం ఉన్న ట్రిగ్గర్ సమూహంలోని కార్డులన్నీ ఆగుతాయి, వేరే సమూహాలు నడుస్తాయి. కార్డు విభాగంలో దోషం ఉంటే ఆ కార్డు ఏ స్లాట్‌లో దొరికిందో చూసి ఆ స్లాట్ సమూహానికి ఇదే నియమం. సమానచిహ్నం గారికి ఇది పూర్తిగా నచ్చకపోవచ్చు.

సమానచిహ్నం:

నచ్చలేదు, కానీ సమూహాన్ని హద్దుగా తీసుకోవడానికి కారణం ఉంది కనుక ఊరుకుంటాను. గెయిన్ సవరణను మళ్లీ స్థానాల వరుసగా రాశారు చూడండి. మూడో విలువ ఏ ఛానల్‌ది? ఈ చర్చ మొదలైనదే ఆ ప్రశ్నతో. 'ఛానల్-3' అని పేరు పెట్టి ఒక్కొక్కటి ఒక్కో వరుసలో రాయండి, ఫైలు పొడుగైతే కానివ్వండి.

చెట్టుకొమ్మ:

దానికి నేనూ ఓటు వేస్తాను. ఇంకొక ఖాళీ కనిపిస్తోంది. కార్డు మార్చిన రోజున కొత్త సీరియల్ సంఖ్యకు కార్డు విభాగం ఉండదు. అప్పుడు సవరణ విలువ 1.0 అనుకుని నడుపుతారా? అది రాత్రిపాళీ గారు వద్దన్న పనే.

రాత్రిపాళీ:

నడపకూడదు. కాలిబ్రేషన్ విలువలు కార్డులోని ఈప్రామ్‌లోనే (కరెంటు పోయినా నిలిచే స్మృతిలోనే) రాసి పంపితే ఆ విభాగం అసలు ఫైల్లో ఉండనవసరం లేదు; ఫైల్లో ఉన్నది ఈప్రామ్‌లోని దాన్ని కావాలని మార్చదలచినప్పుడు మాత్రమే. ఈప్రామ్ ఖాళీగా ఉండి, ఫైల్లోనూ లేకపోతే ఆ స్లాట్ సమూహం ఆగాలి. దోష సందేశంలో సీరియల్ సంఖ్యతో పాటు క్యాబినెట్ మీద అంటించిన పేరు కూడా రావాలి, ఎందుకంటే అక్కడ నిలబడిన మనిషికి కార్డు మీది సీరియల్ సంఖ్య స్క్రూలు విప్పితే గాని కనబడదు.

కార్డుల_కాపరి:

ఈప్రామ్‌లో చోటు ఉంది. తరువాతి బోర్డు రివిజన్ వరకు ఆగకుండా, ఇప్పుడున్న కార్డులకే ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో రాయించవచ్చో లేదో హార్డ్‌వేర్ వారిని అడిగి, ఛానల్ పేర్లతో సవరించిన ముసాయిదాతో పాటు ఇక్కడే రాస్తాను.